క్షమించానని మా వదిన అనలేదు

మా వదిన పోయి నెలన్నర అయింది. ఆమె ముప్పై నాలుగేళ్లు పనిచేసిన బడిలో సంతాప సభ పెడితే వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని ఆమె ఎంత ఓర్పుగలదో చెప్పారు. తనకు జరిగిన అన్యాయాన్ని కూడా నవ్వుతూ క్షమించిన తల్లి అన్నారు ఒక మాస్టారు. అందరూ తలలూపారు. ముందు వరసలో కూర్చున్న పెద్ద మేడం ఒక్కరే ఊపలేదు. ఆవిడ ఆ బడికి చాలాకాలం హెడ్మిస్ట్రెస్‌గా చేసి, అయిదేళ్ల కిందట రిటైరయ్యారు. ఆవిడకు తెలుసు. నాకూ తెలుసు. నేను లేచి చెప్పాల్సింది, లేవలేదు. నలుగురిలో నోరు విప్పడం నాకెప్పుడూ చేతకాలేదు.

ఇప్పుడు పాత విద్యార్థులు ఆమె మీద చిన్న పుస్తకం వేస్తున్నామనీ, ఇంటి మనిషిగా నాలుగు మాటలు రాయమనీ అడిగారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మా వదిన నవ్వలేదు. క్షమించానని అనలేదు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను.

ఆమె మా ఆయనకు అక్క. పదిహేడేళ్లకు పెళ్లయింది. పంతొమ్మిదేళ్లకు మొగుడు పని వెతుక్కుంటానని వెళ్లి మళ్లీ రాలేదు. "నేనేం గుమ్మంలో కూర్చుని ఏడవలేదే. వాడి చెప్పులు మిగిలిపోతే అవి కూడా బయట పారేశా, వాటికి మాత్రం ఇక్కడేం పని?" అనేది. ఆ ఏడే బడిలో ఊడ్చే పనికి చేరింది. ఆమెకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. సంతకం ఒక్కటి తమ్ముడి దగ్గర నేర్చుకుంది. పదేళ్లు ఊడ్చాక తాళాలు ఆమె చేతికి వచ్చాయి. గదులు, గేట్లు, బీరువాలు అన్నీ కలిపి యాభై మూడు తాళాలు. పొద్దున ఆరున్నరకు మొదటి తాళం తీసేది, సాయంత్రం ఆరింటికి ఆఖరుది వేసేది. పిల్లలకు ఆమె తాళాలమ్మ. నాకు తెలిసి ఆ బడిలో సగంమందికి ఆమె అసలు పేరు తెలియదు.

ఆమె ఉండేది మా ఇంట్లోనే, వెనక గదిలో. నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజు నన్ను పైనుంచి కిందకి చూసి, "వంట వచ్చా?" అంది.

"కొంచెం వచ్చు వదినా."

"కొంచెమంటే? మా తమ్ముడు బతుకుతాడా?"

అదీ ఆమె ఆదరించిన తీరు. తర్వాత నాకు రెండోసారి కడుపు నిలవనప్పుడు పది రోజులు నా పక్కనే పడుకుంది. ఓదార్పు మాట ఒక్కటి అనలేదు. "ఏడవాలంటే ఏడువు. నాకు నిద్ర పట్టాక మాత్రం కాస్త చిన్నగా ఏడువు, పొద్దున్నే బడికెళ్లాలి" అంది. ఆ పది రోజులూ ఆమె కళ్లు మూయలేదని నాకు తెలుసు.

ఇక అసలు సంగతి. ఇది జరిగి ఎనిమిదేళ్లయింది. అప్పటికి మా అమ్మాయి అదే బడిలో ఏడో తరగతి చదువుతోంది.

ఆ ఏడు సెలవుల్లో బడికి రంగులు వేయించారు. ఆఫీసు గదిలో ఒకేరకం ఆకుపచ్చ బీరువాలు రెండు పక్కపక్కన ఉండేవి. ఒకదాని మీద రెండు అనీ, ఇంకోదాని మీద మూడు అనీ అంకెలుండేవి. రంగులవాళ్లు పనిలో పనిగా వాటికీ ఓ పూత పూసేసి అంకెలు కప్పేశారు. ఒక శనివారం అర్ధ సంవత్సరం పరీక్షల ప్రశ్నపత్రాల కట్ట వచ్చింది. గోధుమరంగు కాగితంలో చుట్టి, లక్క సీలు వేసి ఉంది. పెద్ద మేడం "మూడో బీరువా తియ్" అంటే మా వదిన తీసింది. కట్ట లోపల పెట్టారు. రిజిస్టరులో "బీరువా మూడు" అని రాసుకున్నారు. సోమవారం గుమాస్తా కాగితం ముక్కల మీద అంకెలు రాసి బీరువాలకు అంటించాడు. రెండోదానికి మూడు, మూడోదానికి రెండు అంటించాడు. అంటించి టీ తాగడానికి వెళ్లిపోయాడు.

మా వదిన ఆ కాగితాలు చూడనుకూడా లేదు. బీరువాలు గుర్తుపట్టడానికి ఆమెకు అంకెలు అక్కర్లేదు. ఒకదాని తలుపు తీస్తే కీచుమనేది, రెండోదాని తలుపు టప్పుమనేది. ఆమె లెక్కలో అవి కీచుబీరువా, టప్పుబీరువా.

గురువారం పరీక్ష. పెద్ద మేడం మూడో అంకె ఉన్న బీరువా తీయించారు. అది టప్పుమంది. లోపల పటాలు, చాక్‌పీసు పెట్టెలు తప్ప ఏమీ లేవు. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదట.

"అమ్మగారూ, శనివారం మనం పెట్టింది ఇందులో కాదు. కీచుదాంట్లో" అంది మా వదిన.

"కీచేమిటి? టప్పేమిటి? రిజిస్టరులో మూడని ఉంది. బీరువా మీద మూడని ఉంది. చదువుకున్నవాళ్లకి కనబడనిది నీకు వినబడుతోందా?"

అయినా రెండోది కూడా తీసి చూశారు. అందులో పాత జవాబుపత్రాల కట్టలు కిక్కిరిసి ఉన్నాయి. అవీ గోధుమరంగు కాగితంలో చుట్టినవే. "పాత చెత్త" అని మూసేశారు. మా వదిన చెయ్యి లోపలికి పెట్టబోతే, "చెయ్యి తియ్. బయట నిలబడు" అన్నారు. తాళాల గుత్తి అక్కడే లాగేసుకున్నారు. ఇంకో బడినుంచి మిగులు పత్రాలు తెప్పించి గంట ఆలస్యంగా పరీక్ష జరిపించారు.

మర్నాడు పొద్దున అసెంబ్లీలో ఆరువందలమంది పిల్లల ముందు పెద్ద మేడం మా వదినను వేదిక మీదికి పిలిచారు. చేతిసంచి అడిగి తీసుకుని బల్ల మీద బోర్లించారు. అన్నం డబ్బా, దువ్వెన, మడతపెట్టిన తువ్వాలు, నడుంనొప్పి మాత్రలు, కాగితంలో చుట్టిన సగం అరిగిన సబ్బు. ఆవిడ సబ్బు పైకెత్తి, "ఇది బడిదా?" అన్నారు.

"మా ఇంటిదమ్మా. చేతులు కడుక్కోడానికి."

ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. నవ్వు వరసలవెంట పాకింది. "మన మధ్యే ఉంటూ బడికి ద్రోహం చేసేవాళ్లు ఎలా ఉంటారో చూడండి. బడి పరువు కోసం పోలీసులకు చెప్పడం లేదు" అన్నారు పెద్ద మేడం. ఏడో తరగతి వరసలో నిలబడి మా అమ్మాయి ఇదంతా చూసింది.

ఆ రోజునుంచి తాళాలు గుమాస్తావి, మరుగుదొడ్లు మా వదినవి. ఇంకో కొత్త ఏర్పాటు కూడా వచ్చింది. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు పనివాళ్లు నలుగురూ గేటు దగ్గర సంచులు విప్పి వాచ్‌మన్‌కు చూపించాలి. టీచర్లకు లేదు. పనివాళ్లకు మాత్రమే.

"మానెయ్యి అక్కా" అన్నాడు మా ఆయన. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఇంజన్లతో తప్ప ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. "నా జీతం మనకి చాలదా?"

"చాలుతుంది. మానేస్తే తీసిందనుకుంటారు. మానను."

"మానకపోయినా అనుకుంటున్నారుగా!"

"అనుకోనీ. నా ముఖం రోజూ చూస్తూ అనుకోవాలి వాళ్లు. కష్టంగా ఉండాలి వాళ్లకి కూడా."

మూడు నెలలు ఒక్కరోజు మానలేదు. జ్వరం వచ్చినా వెళ్లింది. ఇంట్లో ఏమీ జరగనట్టే ఉండేది. మా అమ్మాయి మాత్రం వారానికోసారి ఎవరినో ఒకరిని కొట్టి వచ్చేది. "మీ మేనత్త సబ్బుల దొంగ" అని క్లాసులో ఏడిపించేవాళ్లు. మా వదిన ఆ పిల్ల మోచేతికి మందు రాస్తూ, "కొట్టకే చిట్టీ. కొడితే మనదే తప్పని రాసుకుంటారు. వాళ్లకి రాయడం బాగా వచ్చు" అనేది.

మూడు నెలల తర్వాత పాత కాగితాలు తూకానికి అమ్మడానికి కీచుబీరువా ఖాళీ చేశారు. జవాబుపత్రాల వెనక సీలు చెదరని కట్ట బయటపడింది. గుమాస్తాయే పట్టుకుని పెద్ద మేడం దగ్గరికి పరిగెత్తాడట. అప్పటికిగాని ఎవరూ బీరువాల మీద అంకెలు సరిచూడలేదు.

ఆ మధ్యాహ్నం మా వదినను ఆఫీసులోకి పిలిచి తలుపు వేశారు. కుర్చీ వేశారు, టీ తెప్పించారు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"ఏదో పొరపాటు జరిగిపోయింది. మనసులో పెట్టుకోకు. ఇవిగో నీ తాళాలు" అని గుత్తి ముందుకు జరిపారు పెద్ద మేడం.

మా వదిన గుత్తి ముట్టుకోలేదు. "నా సంచి మీరు ఈ గదిలో విప్పలేదు కదమ్మా" అంది.

ఒక కాగితం కూడా ఇచ్చారు, సంతకం పెట్టి తెమ్మని. సాయంత్రం దాన్ని మా అమ్మాయి చదివింది. అపార్థం తొలగిపోయిందనీ, ఇరువైపులా సామరస్యంగా ముగిసిందనీ, ఇకమీదట దీని గురించి ఎక్కడా మాట్లాడననీ ఉంది.

"ఇరువైపులా అంటే ఏమిటే చిట్టీ?"

"వాళ్లవైపు, నీవైపు అత్తా."

"నావైపు ఏముంది అపార్థం? నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానే!"

మా ఆయన తల పట్టుకున్నాడు. "అక్కా, పెట్టెయ్యి ఆ సంతకం. నీ పని నీకొచ్చింది, నీ తాళాలు నీకొచ్చాయి. ఇంకేం కావాలి నీకు?"

"ఆరువందలమంది ముందు పోయింది తలుపేసిన గదిలో దొరుకుతుందట్రా తమ్ముడూ? నేను రోడ్డు మీద పారేసుకున్నది నువ్వు వంటింట్లో వెతుకుతున్నావు."

అప్పుడు మా అమ్మాయి అంది. "మాకైతే గుండ్రంలో కూర్చోబెడతారు."

బడిలో అప్పటికి రెండేళ్లుగా ఈ పద్ధతి నడుస్తోంది. పిల్లలు కొట్టుకున్నా, ఒకరిని ఒకరు ఏడిపించినా బెత్తం లేదు, గోడకుర్చీ లేదు. కౌన్సెలర్ మేడం అని ఒక చిన్న వయసు టీచరమ్మ వచ్చింది. తప్పు చేసినవాళ్లనీ, దెబ్బతిన్నవాళ్లనీ, చూసినవాళ్లనీ గుండ్రంగా కుర్చీల్లో కూర్చోబెట్టేది. ఏం జరిగింది, ఎవరికి ఏం నష్టం జరిగింది, ఏం చేస్తే సరవుతుంది అని అడిగేది. బోర్డు తుడిచే డస్టరు ఒకటి చేతులు మారుతూ తిరిగేది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. మిగతావాళ్లు నోరు మూసుకుని వినాలి. ఎవరి చేతిలోంచీ లాక్కోకూడదు. డస్టరు తిరిగి మేడం చేతికి వస్తేనే గుండ్రం అయిపోయినట్టు. ఈ పద్ధతికి బడికి ఏదో బహుమతి కూడా వచ్చింది. పెద్ద మేడం ఫొటో పేపర్లో వేశారు.

మా వదిన అన్నీ రెండేసిసార్లు అడిగి తెలుసుకుంది. ఆఖరికి, "పెద్దవాళ్లకి లేదా ఇది?" అంది.

"గోడ మీద మాత్రం ఈ బడిలో ఎవరైనా అడగవచ్చు అని రాసుంది అత్తా."

"మరి నేను బడిలో లేనా?"

మర్నాడు వెళ్లి కౌన్సెలర్ మేడంను అడిగింది. ఆ పిల్ల భయపడిపోయిందట పాపం. ఉద్యోగంలో చేరి రెండేళ్లే అయింది. "పెద్ద మేడంను... గుండ్రంలోనా?" అని నీళ్లు నమిలింది.

"గోడ మీద రాసింది మీరేనటగా చిన్న మేడం. చెరిపేస్తారా మరి? చెరిపేస్తానంటే చెప్పండి, తడిగుడ్డ నేనే తెస్తా."

పేపర్లో ఫొటో పడ్డాక పెద్ద మేడం కాదనలేకపోయారు. శుక్రవారం నాలుగున్నరకు లైబ్రరీ గదిలో అని నిర్ణయించారు. ఇటు తరఫున తోడు ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు. మా వదిన నన్ను రమ్మంది.

"నాకు మాట్లాడడం రాదు వదినా. ఆయన్ని తీసుకెళ్లు."

"వాడొస్తే మధ్యలో సర్ది చెబుతాడు. నువ్వు మాట్లాడవు. అదే కావాలి నాకు."

అయిదు కుర్చీలు. పెద్ద మేడం, గుమాస్తా, కౌన్సెలర్ మేడం, మా వదిన, నేను. కిటికీల అవతల ఆటస్థలం ఖాళీగా ఉంది. కౌన్సెలర్ మేడం నియమాలు చెప్పి డస్టరు పెద్ద మేడం చేతికి ఇచ్చింది.

"బీరువా నంబర్ల విషయంలో ఒక పొరపాటు జరిగింది. దానివల్ల కొంత ఇబ్బంది కలిగింది. అందుకు బడి తరఫున విచారిస్తున్నాము" అన్నారావిడ. కాగితం చూడకుండానే కాగితం చదివినట్టు చెప్పారు.

గుమాస్తా, "నేను అంటించింది మామూలుగానే అంటించాను. జిగురు తడి ఆరకముందే..." అంటూ ఏదేదో చెప్పి జిగురు మీదికి నెట్టాడు.

డస్టరు నా ఒళ్లోకి వచ్చింది. దాటించేద్దామనే అనుకున్నాను. కానీ నోరు దానంతటదే తెరుచుకుంది. "ఆ రోజు మీరు బల్ల మీద బోర్లించిన డబ్బా నేను కట్టింది. మూత ఊడిపోయి అన్నం బల్ల మీద పడిందట. ఆమె అది ఎత్తి మళ్లీ డబ్బాలో పెట్టుకుని, మధ్యాహ్నం అదే తిన్నది" అన్నాను. అంతకంటే రాలేదు. మా వదిన నావైపు ఆశ్చర్యంగా చూసి డస్టరు అందుకుంది.

ఆమె మొత్తం చెప్పింది. కీచుబీరువా సంగతి చెప్పింది. చెయ్యి తియ్ అన్న మాట చెప్పింది. సబ్బు చెప్పింది. ఏడుపు లేదు, అరుపు లేదు. కౌన్సెలర్ మేడం మెల్లగా, "ఏం చేస్తే సరవుతుందమ్మా?" అని అడిగింది.

"ఎక్కడ విప్పారో అక్కడే కట్టాలి. సోమవారం అసెంబ్లీలో, పిల్లల ముందు, మైకులో. సంచులు వెతకడం ఆగాలి. అంతే."

ఆమె డస్టరు చాచింది. పెద్ద మేడం అందుకుని ఒకే మాట అన్నారు. "అది కుదరదు. అలా చెబితే రేపు ఏ పిల్లవాడు నా మాట వింటాడు? బడి నడవాలా వద్దా?" అని డస్టరు వెనక్కి ఇచ్చేశారు.

మా వదిన దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. మాట్లాడలేదు. ఎవరికీ ఇవ్వలేదు.

అయిదు నిమిషాలు గడిచాయి. పెద్ద మేడం నోరు తెరవబోతే కౌన్సెలర్ మేడం బిక్కచచ్చిపోతూనే పెదవుల మీద వేలు పెట్టింది. నియమం నియమమే కదా. గుమాస్తా దగ్గాడు. దగ్గడం మాట్లాడడమో కాదో తెలియక మళ్లీ ఆపుకున్నాడు. అయిదున్నర అయింది. నాకు కాళ్లు తిమ్మిరెక్కాయి. మా వదిన కదలలేదు. ముప్పావుగంట ఒక మనిషి ఏమీ అనకపోతే గదిలో ఇంత బరువుంటుందని నాకు తెలియదు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది.

చివరికి ఆవిడ లేచి నిలబడ్డారు.

"వెళ్లండమ్మా" అంది మా వదిన. డస్టరు ఆమె చేతిలోనే ఉంది కాబట్టి మాట్లాడే హక్కు ఆమెదే. "వెళ్లండి. నేనేం పట్టుకోను. కానీ ఈ గుండ్రం అవలేదు. ఇది నా దగ్గరే ఉంటుంది."

డస్టరు చేతిసంచిలో వేసుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ సంచి విప్పమన్నాడు. విప్పి చూపించింది. "ఇదిగో, ఇవాళ నిజంగానే బడి సామాను తీసుకెళ్తున్నా. రాసుకో" అంది. అతను రాసుకోలేదు.

డస్టర్లకు బడిలో కరువేముంది? కౌన్సెలర్ మేడం శనివారం ఇంకోటి పట్టుకుని ఏడో తరగతికి వెళ్లింది. ఇద్దరు ఆడపిల్లలకు తగవు. మా అమ్మాయి లేచి నిలబడి, "మేడం, తాళాలమ్మ గుండ్రం ఇంకా అవలేదు కదా. అది అవకుండా ఇంకోటి ఎలా మొదలుపెడతారు?" అందట. తగువులాడుకున్న ఆ ఇద్దరు పిల్లలే, "అవును మేడం, ముందు అది అవాలి" అన్నారట. వాళ్లలో ఒకత్తె మా అమ్మాయిని సబ్బుల దొంగ అని ఏడిపించినదే. సోమవారానికి ఈ మాట అన్ని క్లాసులకూ పాకింది. పిల్లలు తగువులాడుకోవడం మానలేదు, తగువు తీర్చుకోవడానికి మాత్రం ఎవరూ కూర్చోలేదు. "పెద్దవాళ్లది అయ్యాకే" అనేవాళ్లు. చెప్పిన నియమాలు వాళ్లకు నోటికి వచ్చు మరి.

మా వదిన ఆ రోజుల్లో ఎప్పటిలాగే మరుగుదొడ్లు కడిగింది. పిల్లలు అటుగా వచ్చి, "ఇచ్చేశావా తాళాలమ్మా?" అని అడిగేవాళ్లు. "ఇవ్వలేదు, పోండిక్కడినుంచి, కాళ్లు తడుస్తాయి" అనేది.

బుధవారం సాయంత్రం పెద్ద మేడం ఒంటరిగా మా ఇంటికి వచ్చారు. మా ఆయన కంగారుపడి ఉన్న ఒక్క మంచి కుర్చీనీ రెండుసార్లు తుడిచాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఇరవై రెండేళ్ల సర్వీసులో పిల్లల ముందు తప్పని ఒప్పుకున్నది లేదు. నాకు భయమేస్తోంది" అన్నారు.

"వేస్తుందమ్మా. నాకూ వేసింది ఆ రోజు" అంది మా వదిన. "మీరు నన్నడగలేదు, వేదిక మీదికి రావడానికి భయంగా ఉందా అని."

పెద్ద మేడం ఒకడుగు ముందుకు వేశారు. "చెబితే నన్ను క్షమిస్తావా?"

మా ఆయన "అయ్యో, తప్పకుండా" అనబోయాడు. మా వదిన చూపుకే ఆగిపోయాడు.

"అది బేరంలో లేదమ్మా. చెప్పడం మీ పని. తర్వాత సంగతి నాది. నేను క్షమిస్తానని మీరు చెప్పేటట్టయితే చెప్పకండి. జరిగింది గనక చెప్పండి."

ఆవిడ వెళ్లిపోయారు. గుమ్మం దాకా వెళ్లి చెప్పులు వేసుకోవడానికి అంతసేపు పట్టడం నేనెప్పుడూ చూడలేదు.

శుక్రవారం పొద్దున అసెంబ్లీకి మా వదిన నన్ను కూడా రమ్మంది. పిల్లల వెనక గోడవారగా నిలబడ్డాను. పెద్ద మేడం మైకు ముందు కాగితం విప్పారు. "కొన్ని అనివార్య కారణాల వలన ఏర్పడిన పరిస్థితుల దృష్ట్యా..."

"మేడం" అని వినిపించింది. వేదిక కింద మా వదిన. "పిల్లలకి అర్థం కాలేదు."

నవ్వులు లేచాయి. ఈసారి నవ్వు వేరు. పెద్ద మేడం ఆగారు. కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకున్నారు. మైకు కీచుమంది. ఆవిడ గొంతు సర్దుకుని మామూలు మనిషిలా మాట్లాడడం మొదలుపెట్టారు.

"ప్రశ్నపత్రాలు ఎవరూ తీయలేదు. నేనే తప్పు బీరువాలో వెతికాను. కట్ట ఎక్కడుందో ఈమె ఆ రోజే చెప్పింది. ఈమెకు చదువు రాదు కదా అని నేను వినలేదు. వినివుంటే రెండు నిమిషాల్లో దొరికేది. మీ అందరి ముందు ఈమె సంచి బోర్లించాను. దొంగ అని మీరనుకునేటట్టు చేశాను. అది నా తప్పు. గుమాస్తాది కాదు, జిగురుది కాదు. నాది."

మా అమ్మాయి తల వంచుకుని ఏడుస్తోంది. పక్కనున్న పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది.

మా వదినను వేదిక మీదికి రమ్మన్నారు. ఎక్కింది. సంచిలోంచి డస్టరు తీసి కౌన్సెలర్ మేడంకు ఇచ్చింది. మైకు దగ్గరికి వంగి, "విన్నాను" అంది. తర్వాత, "సంచుల సంగతి?" అని అడిగింది.

"ఇవాళ్టినుంచి లేదు" అన్నారు పెద్ద మేడం.

పక్కన నిలబడ్డ మాస్టారొకరు, సంతాప సభలో మాట్లాడిన ఆయనే, మెల్లగా ముందుకు వంగి, "క్షమించానని ఒక్క మాట చెప్పమ్మా, పిల్లలకి బాగుంటుంది" అన్నారు. అది మైకులో అందరికీ వినబడింది.

"మూడు నెలలు మోశానండీ" అంది మా వదిన. "దించుకోడానికి ఎన్నాళ్లు పడుతుందో నాకే తెలీదు. గంట కొట్టగానే చెప్పడానికి అదేమన్నా సెలవు నోటీసా? మేడం చెప్పాల్సింది చెప్పారు. బాగా చెప్పారు. నేను చెప్పాల్సింది నాకు వచ్చినప్పుడు నేను చూసుకుంటా. మీరు క్లాసుకి పదండి."

మెట్లు దిగింది. నవ్వలేదు.

ఆ తర్వాత మూడేళ్లు వాళ్లిద్దరూ ఒకే కప్పు కింద పనిచేశారు. పెద్ద మేడం ఆమెను ఏదైనా అడిగేముందు కాస్త ఆగి అడిగేవారు, చెప్పేది పూర్తిగా వినేవారు. ఆవిడ రిటైరయ్యాక, మా వదినకు ఒంట్లో బాగోలేదని తెలిసి రెండుసార్లు చూడ్డానికి వచ్చారు. ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి చాలాసేపు చెప్పుకున్నారు. ఆ ఒక్క మాటా వాళ్ల మధ్య వచ్చిందో లేదో నాకు తెలియదు. వచ్చి ఉంటే అది వాళ్ల మాట. మన పుస్తకంలో రాసుకునేది కాదు.

ఆ శుక్రవారం సాయంత్రం మా అమ్మాయిని తీసుకెళ్దామని గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లలు వెళ్లిపోయాక పనివాళ్లు నలుగురూ వచ్చారు. వాచ్‌మన్ చేతులు వెనక్కి కట్టుకుని గోడవైపు చూస్తున్నాడు. నలుగురిలో చిన్నది, కొత్తగా చేరిన ఆయా, అలవాటుకొద్దీ ఆగి సంచి మూతి విప్పింది.

"మూసెయ్!" అని అరిచింది మా వదిన.

ఆ పిల్ల ఉలిక్కిపడి, "ఒకసారి చూపిస్తే పోయేదేముందక్కా?" అంది.

"ఏమీ పోదు. అయినా చూపించకు. ముడి వెయ్యి. ఇంకా గట్టిగా వెయ్యి. ఇక నడు, రోడ్డు మధ్యలోంచి నడు."

ఆ పిల్ల ముడి వేసుకుని బయటికి నడిచింది.